పడవ కదలని పూట

పొద్దున్నే రేవుకి వచ్చినవాళ్లెవరూ "పడవ ఎన్నింటికి?" అని అడగరు. అడిగారంటే ఊరికి కొత్త అని అర్థం. సరంగు వస్తాడు, పడవ అడుగున చేరిన నీళ్లు తోడి పారబోస్తాడు, బల్లలు తుడుస్తాడు, గెడ చేతికి తీసుకుంటాడు. ఆ తర్వాత అందరితో పాటు తనూ కూర్చుంటాడు. రావలసినవాళ్లంతా వచ్చాక పడవ దానంతటదే ఒడ్డు వదులుతుంది, అప్పుడే సరంగుకి పని. అంతదాకా గెడ విరిగేలా పొడిచినా అంగుళం కదలదు.

ఒక్కోరోజు ఎక్కీ ఎక్కగానే కదిలిపోతుంది. ఒక్కోరోజు మిట్టమధ్యాహ్నం దాకా మొండికేస్తుంది. ఎక్కినవాళ్లు మాత్రం దిగరు. దిగి అటు తిరిగేసరికి పడవ వెళ్లిపోతే మళ్లీ ఎప్పటికో! అందుకని కూర్చున్నచోటే ఉల్లిపాయలు ఒలుచుకుంటారు, ఊలు అల్లుకుంటారు, పక్కవాళ్ల సంసారాలు చక్కదిద్దుతారు. ఒడ్డున ఎవరైనా పరుగెత్తుకుంటూ కనబడగానే "అదిగో, వేంచేశాడయ్యా మహానుభావుడు!" అని జరిగి, మధ్య బల్ల మీద చోటిస్తారు. చివర ఎక్కినవాళ్లకి ఒకటే షరతు. ఎందుకు ఆలస్యమైందో అందరూ వినేలా చెప్పాలి. పాలు పొంగిపోయాయనో, మొగుడితో గొడవైందనో, నిద్ర పట్టేసిందనో ఏదో ఒకటి. ఇంతమందిని కూర్చోబెట్టినందుకు ఆ మాత్రం చెప్పడం మర్యాద.

రొట్టెలక్కకి ఆ పడవంటే ఒళ్లు మంట.

అసలు ఆవిడ దేనికోసమూ ఆగే మనిషి కాదు. ఊరంతా తినే రొట్టె ఆవిడ చేతిదే, కానీ ఆ పిండి పొంగేలోపు గుడ్డ ఎన్నిసార్లు ఎత్తి చూస్తుందో లెక్కే లేదు. బట్టీ తలుపు తీసి తొంగి చూడటం, మూయడం, మళ్లీ తీయడం. కాలుగాలిన పిల్లిలా కొట్టంతా తిరగడం. వాళ్ల నాన్న బతికున్నప్పుడు నవ్వేవాడు. "నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే పిండికి సిగ్గేస్తుందే, కాసేపు దాని మానాన దాన్ని వదిలెయ్యి" అనేవాడు. ఇంకో మాట కూడా అనేవాడు. "దేవుడు ఎప్పుడూ ఆలస్యం చెయ్యడు తల్లీ. మనమే ముందొచ్చి కూర్చుంటాం."

ఆ మాట ఎప్పుడు గుర్తొచ్చినా రొట్టెలక్కకి కోపమే వచ్చేది. ఎందుకంటే ఆయన పోయిన రోజున దేవుడూ ఆలస్యం చేశాడు, పడవా ఆలస్యం చేసింది.

ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది, నది వైపు కిటికీలతో. నాన్నకి మాట పడిపోతోందని కబురొస్తే రొట్టెలక్క చేతుల పిండి కూడా కడుక్కోకుండా రేవుకి పరుగెత్తింది. పడవ కదల్లేదు. ఆవిడ ఏడ్చింది, సరంగు కాళ్లు పట్టుకుంది, పడవని తిట్టరాని తిట్లు తిట్టింది. ఊహూ. చివరికి ఎవరొచ్చారనుకున్నారు? సొంత తమ్ముడు. బట్టీలు కట్టే మేస్త్రి. మసి మొహంతో, మోచేతికి గుడ్డ చుట్టుకుని, అప్పుడు తీరిగ్గా వచ్చి ఎక్కాడు. వాడు ఎక్కగానే పడవ కదిలింది. ఎందుకు ఆలస్యమైందని అందరూ అడిగితే "పనుంది" అని తల దించుకున్నాడు. అంతే, ఇంకో మాట లేదు. వాళ్లు వెళ్లేసరికి నాన్న కళ్లు మూసి అరగంటైందట.

ఇది చాలదన్నట్టు, అన్నీ ముగించుకుని ఆవిడ ఇంటికొచ్చి చూస్తే కొట్టు గోడలకి కొత్త సున్నం! నాన్న పోయిన వారం తిరక్కుండానే వీడికి సున్నాలు కావలసొచ్చాయా అని రొట్టెలక్క ఊరంతా వినేలా అడిగింది. అప్పటినుంచి తమ్ముడితో మాటల్లేవు. వీధిలో ఎదురైతే ఆవిడ ఈ పక్కకి, అతను ఆ పక్కకి.

అలా ఏళ్లు గడిచాయి. ఈమధ్య నాన్న కట్టిన బట్టీ పైకప్పు బీటలిచ్చింది. రొట్టెలక్క తనే మట్టి కలిపి మెత్తింది. తడి ఆరేదాకా చిన్న మంట మీద ఉంచాలని తెలియక కాదు, ఆగలేక. తెల్లారేసరికి కొలిమిలా కట్టెలు కుక్కింది. ఢామ్మని పగిలి కప్పు సగం లోపలికి కూలింది. "తమ్ముణ్ణి పిలవ్వే, రెండ్రోజుల్లో నిలబెడతాడు" అని చెప్పనివాళ్లు లేరు. "వాడి చేతి మట్టి నా గడప దాటదు" అంది రొట్టెలక్క. బట్టీ పోతే బతుకు పోయినట్టే, అయినా అంది.

అప్పుడే అవతలి ఒడ్డు నుంచి మాటొచ్చింది. అక్కడి పెద్ద హోటల్లో రొట్టెల పనికి పెద్దదిక్కు కావాలట. ఉండటానికి గది, నెలనెలా జీతం. కాకపోతే ఇవాళ సాయంత్రం ఆఫీసు తలుపులు వేసేలోగా వచ్చి ఎదురుగా నిలబడాలి, లేదంటే ఆ పని వరసలో ఉన్న ఇంకొకరికి. రొట్టెలక్క రాత్రే పెట్టె సర్దేసింది. కొట్టుకి తాళం వేసి, అందరికంటే ముందొచ్చి పడవలో కూర్చుంది.

పడవ కదల్లేదు.

"మాస్టారూ, టైమెంత?"

రిటైరైన లెక్కల మాస్టారు చేతి గడియారం చూసుకున్నాడు. "ఇందాక నువ్వడిగినప్పటికంటే కాస్త ఎక్కువమ్మా."

ఎదురు బల్ల మీద మామ్మ ఒళ్లో ఉల్లిపాయలు పోసుకుని పొట్టు తీస్తోంది. "కూర్చోవే బాబూ, నువ్వు లేచి కూర్చుంటుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయి."

రొట్టెలక్క కూర్చుంది. మోకాలు ఆడిస్తూ కూర్చుంది. లేచి ఒడ్డు వైపు చూసింది. పెట్టె ఈ చివర నుంచి ఆ చివరకి మార్చింది, మళ్లీ ఇటు మార్చింది. చీర చెంగు ముడేసింది, విప్పింది. ఎండ బల్ల కింద నుంచి పైకెక్కింది.

"ఎవరికోసమంటారు?" అన్నాడు టైలరు. రొట్టెలక్క కొట్టు పై వాటాలోనే అతని కాపురం. "నిన్న ఆ కూరగాయలాయన వస్తానన్నాడు."

"ఆయన రాత్రే దాటేశాడు."

"అయితే డాక్టరుగారేమో."

"డాక్టరుగారికి జ్వరం."

నలుగురూ నాలుగు పేర్లు అనుకుని, ఒడ్డు మీదికి కేకలు కూడా వేశారు. పలికినవాళ్లు లేరు. రొట్టెలక్క ఆకాశం వైపు చూసి చేతులు తిప్పింది. "ఏమయ్యా దేవుడా, తీసుకుపోవాలంటే నీకు చిటికెలో కుదురుతుంది. ఇవ్వాలంటే మాత్రం తీరికుండదు! నాన్నని తీసుకున్నావు, బట్టీని కూల్చావు. ఈ పని కూడా పోగొడితే గానీ నీకు నిద్ర పట్టదా?"

"అలా అనకే, ఆయన ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు" అంది మామ్మ.

"నన్ను కుట్టమని అన్ని చీమలకీ ఆజ్ఞ ఇచ్చాడు కాబోలు" అంది రొట్టెలక్క.

మాస్టారు నవ్వబోయి ఆగిపోయాడు. గట్టు దిగి ఎవరో వస్తున్నారు. భుజాన సంచి, పెద్ద పెద్ద అంగలు. దగ్గరికొచ్చాక రొట్టెలక్క పోల్చుకుంది. తమ్ముడు.

"అనుకున్నా" అంది పళ్లు కొరుకుతూ. "నా ప్రాణానికి వీడొకడు!"

పడవలో అందరూ హమ్మయ్య అనుకున్నారు. మేస్త్రికి మధ్య బల్ల మీద చోటిచ్చారు. పడవ కదిలేటప్పుడు ఊగుతుంది కాబట్టి అలవాటుగా అందరూ అంచులు పట్టుకున్నారు. మామ్మ ఉల్లిపాయలకి చెంగు అడ్డం పెట్టుకుంది. సరంగు గెడ పట్టుకుని లేచాడు.

పడవ ఊగలేదు. అంగుళం కదల్లేదు.

కాసేపు అంచులు పట్టుకుని అలాగే ఉన్నారు. తర్వాత ఒక్కొక్కరే సిగ్గుపడుతూ వదిలేశారు.

"అయితే వీడు కాదన్నమాట" అన్నాడు సరంగు, మళ్లీ కూర్చుంటూ.

"కాకపోతే కాకపోయాడు, చివర ఎక్కాడు కదా" అంది మామ్మ. "చెప్పరా అబ్బాయ్, ఎందుకు ఆలస్యమైంది?"

మేస్త్రి తల దించుకున్నాడు. "పనుంది మామ్మా."

ఆ మాట వినగానే రొట్టెలక్క భగ్గుమంది. ఇన్నేళ్లు మాట్లాడనని పెట్టుకున్న ఒట్టు ఏ గట్టున పోయిందో! "ఆ రోజూ ఇదే మాట! నాన్న అక్కడ కొన ఊపిరితో ఉంటే నీకేం పనిరా? ఏం రాచకార్యం వెలగబెట్టావు? పైగా గోడలకి సున్నాలొకటి!"

"అక్కా, ఇప్పుడెందుకు..."

"ఇప్పుడే. ఇందరి ముందే చెప్పు. రేవు మర్యాద తప్పినవాడివి నువ్వొక్కడివే."

మేస్త్రి నీళ్ల వైపు చూశాడు. టైలరు వైపు చూశాడు.

"బట్టీ తలుపు తీసి వచ్చేశావక్కా" అన్నాడు చివరికి.

"ఏంటీ?"

"కబురు వినగానే నువ్వు పరుగెత్తావు. నీ వెనకే నేనూ. మలుపు దాటాక పొగ వాసన. తిరిగి చూస్తే మన కొట్టులోంచే. తలుపు బార్లా తీసుంది, మండే కట్టెలు కిందకి జారాయి, పక్కనున్న పిండి సంచులు అంటుకున్నాయి. పైన టైలరుగారి పిల్లలు పడుకునున్నారు, వాళ్లమ్మ నీళ్లకెళ్లింది. వదిలేసి ఎలా రాను? ఆర్పి, సంచులు బయటికి లాగి పడేసి వచ్చేసరికి ఆ వేళైంది."

"మెట్ల మీద మసి చూశాం. రొట్టెలు మాడాయేమో అనుకున్నాం మేస్త్రీ" అన్నాడు టైలరు.

రొట్టెలక్క తమ్ముడి మోచెయ్యి చూసింది. తోలు ముడుచుకుపోయిన పెద్ద మచ్చ. బట్టీలు కట్టేవాడికి కాలిన మచ్చలు మామూలేగా అని ఎప్పుడూ దానివైపు సరిగ్గా చూడలేదు.

"సున్నం..." అంది.

"గోడంతా నల్లబడింది. నువ్వొచ్చి చూస్తావని."

"ఎందుకు చెప్పలేదురా?"

"ఎలా చెప్పమంటావు? నువ్వు తలుపు వెయ్యలేదు కాబట్టి నేను ఆగాను, నేను ఆగాను కాబట్టి పడవ ఆగింది, అందుకే నాన్నని చూడలేకపోయావు అని చెప్పనా? ఆ రోజు నువ్వున్న తీరుకి నదిలో దూకేదానివి. నన్ను తిట్టుకుంటే కాస్త తేలికపడతావులే అని ఊరుకున్నా."

మామ్మ ఉల్లిపాయల వంకన కళ్లు తుడుచుకుంది. రొట్టెలక్కకి కూర్చున్న బల్ల ముళ్లలా గుచ్చుకుంది. ఇన్నేళ్లుగా వాడిని అన్న మాటలన్నీ ఒక్కసారిగా తన మీదికే వచ్చి పడ్డాయి. గబుక్కున లేచింది.

"ఎక్కడికే?" అంది మామ్మ.

"ఊపిరాడట్లేదు. దిగుతా."

"దిగితే పడవ పోతుందమ్మా!" అన్నాడు సరంగు. "నీ హోటల్ పని ఏం కాను?"

ఆవిడ వినలేదు. చీర మడిచి దోపుకుని ఒడ్డు బురదలోకి దూకింది. దూకగానే పడవ కింద నీళ్లు గలగలమన్నాయి. పడవ కొంచెం, కొంచెమంటే కొంచెం, ఊగింది. అందరూ మళ్లీ అంచులు పట్టుకున్నారు. పడవ ఊగుతూనే ఉంది, కానీ ఒడ్డు వదల్లేదు. తుమ్ము వచ్చీ రానట్టుంది దాని వాలకం.

మామ్మ ఒళ్లోంచి ఒక ఉల్లిపాయ దొర్లి మేస్త్రి కాళ్ల దగ్గర ఆగింది. మామ్మ ఉల్లిపాయ వైపు చూసింది, మేస్త్రి వైపు చూసింది, ఒడ్డున నిలబడి ఏడుస్తున్న రొట్టెలక్క వైపు చూసింది.

"ఏరా, ఇంకా కూర్చునే ఉన్నావా?" అంది. "దిగు!"

మేస్త్రి సంచి భుజానేసుకుని దూకాడు. అంతే. గాలిపటం దారం వదిలినట్టు పడవ ఒడ్డు వదిలి సాగిపోయింది. సరంగు గెడ అందుకునేలోపే సగం బారు దూరం వెళ్లింది.

"నా పెట్టె!" అని అరిచింది రొట్టెలక్క.

"సాయంత్రం తెస్తాలే!" అన్నాడు సరంగు నీళ్ల మీంచి. పక్కన టైలరు లేచి నిలబడి మేస్త్రికి రెండు చేతులూ జోడించాడు. పడవ ఊగితే మాస్టారు అతన్ని పట్టుకుని కూర్చోబెట్టాడు. ఎప్పుడూ రావలసినవాళ్ల కోసమే ఒడ్డుకేసి చూసినవాళ్లు, ఆ రోజు మొదటిసారి దిగినవాళ్ల కోసం చూశారు.

ఒడ్డున అక్కాతమ్ముళ్లు బురద కాళ్లతో నిలబడ్డారు. దూరంగా హోటల్ కిటికీ అద్దాలు ఎండకి మెరుస్తున్నాయి. రొట్టెలక్క వాటివైపు చూసి నిట్టూర్చింది. పని పోయింది. గదీ పోయింది, జీతమూ పోయింది.

"ఏదో పనుందన్నావుగా, నువ్వెందుకు దిగావు?" అంది ముక్కు చీదుతూ.

"పనా, పాడా! నువ్వెళ్లిపోతున్నావని తెల్లారాక తెలిసింది. వెళ్లాలా వద్దా అని గుమ్మంలో నిలబడి నిలబడి ఆలస్యమైంది."

"ఆ సంచేమిటి మరి?"

మేస్త్రి సిగ్గుపడ్డాడు. "తాపీ, మట్టం, కాస్త బట్టీ మట్టి. ఆ హోటల్ బట్టీ తలుపు సరిగ్గా పడుతుందో లేదో చూసి, పడకపోతే బిగించి వచ్చేద్దామని."

రొట్టెలక్కకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేసింది. "ఆ తలుపు సంగతి తర్వాత. ముందు మన బట్టీ తలుపు చూద్దువు గానీ, పద" అంది.

కొట్టు తాళం తీశారు. మేస్త్రి కూలిన కప్పులోకి తల దూర్చి, "అబ్బబ్బ, ఏం కుక్కావక్కా కట్టెలు!" అన్నాడు. ఆవిడ నెత్తిన ఒకటి మొట్టింది. మధ్యాహ్నమంతా పాత ఇటుకలు ఊడదీశారు. అడుగు వరసలు నాన్న పేర్చినవే, చెక్కు చెదరలేదు. వాటి మీదే కొత్తగా లేపారు. ఆవిడ మట్టి తొక్కింది, అతను ఇటుకలు వంపుగా పేర్చి కప్పు తిప్పాడు. రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసి, ఏమీ అడక్కుండా తలో చెయ్యి వేసి ఇటుకలందించి వెళ్లారు.

పొద్దు వాలేవేళకి సరంగు పెట్టె భుజాన మోసుకుని వచ్చి గుమ్మంలో దింపాడు. "అటూ ఇటూ షికారు తిరిగొచ్చింది. నీకంటే నీ పెట్టే నయం, కుదురుగా కూర్చుంది" అని వెళ్లిపోయాడు.

కొత్త బట్టీలో మేస్త్రి నాలుగు పుల్లలు పేర్చి అంటించాడు. చెయ్యి పెడితే కాలనంత చిన్న మంట. "ఇలాగే పెడుతూ ఉండాలి. లోపలి తడి మెల్లగా బయటికొచ్చేదాకా. తొందరపడ్డావో..."

"తెలుసులేరా."

"నీకు తెలియదని కాదు."

ఇద్దరూ బట్టీ ముందు చెరో పీట మీద కూర్చున్నారు. రొట్టెలక్క మోకాలు ఆడుతూనే ఉంది. లేచింది, కూర్చుంది. ఒక్క రోజులో ఇంత జరిగాక కాలూ చెయ్యీ ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. చివరికి మనసులో ముల్లులా ఉన్నది బయటికి అనేసింది.

"అంతా సరేరా. పిల్లలు బతికారు, మంచిదే. కానీ నాన్న మనకోసం చూసి చూసి పోయాడు కదా. అదొక్కటీ ఆ దేవుణ్ణి క్షమించలేను."

మేస్త్రి ఒక పుల్ల తీసి విరిచాడు. మంటలో వేయకుండా చేతిలోనే పెట్టుకున్నాడు.

"ఆ రోజు నర్సమ్మ నాకొక మాట చెప్పిందక్కా. నువ్వు నా మొహం చూడలేదు, నీకెప్పుడు చెప్పాలో తెలియలేదు."

"ఏం మాట?"

"నాన్న మంచం కిటికీ పక్కనేగా. పొద్దుటినుంచి రేవు వైపే చూశాడట. పడవ ఇంకా కదలనేలేదండీ, మీ పిల్లలకి ఆలస్యమయ్యేట్టుంది అని నర్సమ్మ బాధపడిందట. నాన్న నవ్వాడట. మాట సరిగ్గా రాకపోయినా కూడదీసుకుని అన్నాడట, 'కదల్లేదా? అయితే మంచిదేనమ్మా. ఇద్దరూ కలిసే వస్తున్నారన్నమాట' అని. అనేసి, హాయిగా కళ్లు మూసుకున్నాడట."

రొట్టెలక్క చెంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు కదిలిపోయేలా ఏడ్చింది. తమ్ముడు ఊరుకోమనలేదు, పక్కనే కూర్చున్నాడు. నాన్న ఆమె కోసం ఎదురుచూసి అలిసిపోలేదు. ఆగి ఉన్న పడవని చూసి తృప్తిపడ్డాడు. అది తెలియడానికి ఆమెకి ఇన్నేళ్లు పట్టింది.

ఏడుపు తగ్గాక కళ్లు తుడుచుకుంది. చెయ్యి అలవాటుకొద్దీ బట్టీ తలుపు మీదికి వెళ్లింది. తీయబోయి, వెనక్కి తీసుకుంది.

"ఇంకో రెండు పుల్లలు వెయ్యమంటావా?" అంది.

"ఇప్పుడే వద్దక్కా."

"సరే" అంది రొట్టెలక్క. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.